వెల్లుల్లి వండని ఇల్లు

గోదాం విప్పే రోజుకు ముందురోజు కుతుబుద్దీన్ చాచా ఇంట్లో వెల్లుల్లి వండేవారు కాదు. ముప్పై ఏళ్ల నియమం అది. చుట్టాలు వచ్చినా, పండుగ పడినా సరే, ఆయన "రేపు విప్పాలె" అన్నాడంటే చాలు, భార్య అఖ్తర్ బేగం వెల్లుల్లి గడ్డలున్న బుట్టను తీసుకెళ్లి పక్కింటివాళ్ల దగ్గర పెట్టి వచ్చేది. వేళ్లకు, బట్టలకు, నోటికి ఆ వాసన అంటుకుంటే, మర్నాడు వచ్చే వాసన గోదాముదో ఇంటిదో తేల్చుకోవడం కష్టం. కందులకు పెట్టే మందు అచ్చం వెల్లుల్లి వాసనే వేస్తుంది.

నా పేరు శివరాజ్. నారాయణఖేడ్‌లో బస్ డిపో నుంచి మార్కెట్ వైపు వచ్చే దారిలో జిరాక్స్, టైపింగ్ షాపు నాది. ఎదురుగానే వీరభద్రప్ప సేఠ్ గోదాం. ఈ ఊళ్లో ఎవరు ఏ ఆఫీసులో ఏ కాగితం పెట్టాలన్నా నా దగ్గరికి రావాల్సిందే. అందుకని పుట్టినవాళ్లూ, పోయినవాళ్లూ, తగువులాడుకునేవాళ్లూ అందరూ నాకు కాగితాల్లోంచే తెలుసు. కుతుబుద్దీన్ ఒక్కడే నాకు ముందు మనిషిగా తెలిసి, తర్వాత కాగితమయ్యాడు.

ఆ మందు సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. నాగల్‌గిద్ద వైపు నుంచి జనవరి వచ్చేసరికి కందులు దిగుతాయి. బస్తాలు గుట్టలుగా పేరుస్తారు. ఊరికే వదిలేస్తే రెండు నెలల్లో పుచ్చు పడుతుంది. అందుకని గుట్టల మధ్య తెల్లటి గోలీలు పెట్టి, పైన మందపాటి టార్పాలిన్ కప్పి, అంచుల మీద ఇసుక సంచులు పరిచి, షట్టర్ సందులకు బురద మెత్తి మూసేస్తారు. గాలిలోని తేమ తగిలి ఆ గోలీలు మెల్లగా విషవాయువవుతాయి. పురుగు చస్తుంది. పురుగుకు ఒక విషం, మనిషికి ఒక విషం అని విడిగా ఉండవు కాబట్టి మనిషి పీల్చినా చస్తాడు. ఏడు రోజుల తర్వాత షట్టర్ ఎత్తి, ఒక పగలంతా గాలి ఆడనిచ్చి, రాత్రికి దింపి, మర్నాడు లోపల వాయువు లేదని తేల్చుకున్నాకే హమాలీలు లోపలికి వెళ్లాలి.

ఆ తేల్చే పని కుతుబుద్దీన్‌ది. దేనితో తేల్చేవాడంటే, ముక్కుతో.

రూలు ప్రకారం గాలిలో విషాన్ని కొలిచే మీటరు ఉండాలి, మొహానికి మాస్కు ఉండాలి. మాస్కు ఉంది. ఆఫీసు గదిలో బసవణ్ణ పటం పక్కన మేకుకు, కవరు కూడా చించకుండా వేలాడేది. ప్రమాద సూచనల బోర్డు కూడా ఉంది. దాన్ని టైపు చేసి ఇచ్చింది నేనే. మీటరు ఎందుకు లేదని ఒకసారి ఎవరో అధికారి అడిగితే సేఠ్ పెద్దగా నవ్వాడు. "మా మీటరు అన్నం తింటది, నమాజ్ చేస్తది సార్," అన్నాడు. ఆ అధికారీ నవ్వి, చాయ్ తాగి వెళ్లాడు. అప్పుడు నేనూ నవ్వాను.

కుతుబుద్దీన్‌ది సిర్గాపూర్. ఇరవై అయిదేళ్లప్పుడు హమాలీగా ఈ గోదాంకు వచ్చాడు. ఒకరోజు షట్టర్ ఎత్తగానే అందరూ లోపలికి నడుస్తుంటే ఈయన ఒక్కడే ఆగి, "ఆగుండ్రి, వాసనొస్తుంది" అన్నాడట. మిగతావాళ్లకు ఏ వాసనా రాలేదు. ఎగతాళి చేసి లోపలికి వెళ్లిన ఇద్దరు పావుగంటలో తల పట్టుకుని బయటికొచ్చి కక్కుకున్నారు. అప్పటి సేఠ్, అంటే వీరభద్రప్ప తండ్రి, ఆ రోజే ఈయన వీపు మీది బస్తా దింపించి మందు పని అప్పజెప్పాడు. ఆ తర్వాత బీదర్ దిక్కు గోదాముల వాళ్లు కూడా కబురు పెట్టేవారు. ఆయన ఈ గోదాం వదిలి ఎక్కడికీ పోలేదు.

ఆయన పని చూడ్డానికి నాకు ముచ్చటగా ఉండేది. విప్పే రోజు పాన్ వేసుకోడు, బీడీ ముట్టడు. షట్టర్ జానెడు ఎత్తి, మోకాళ్ల మీద వంగి, కళ్లు మూసుకుని ఒక్క పీల్పు పీలుస్తాడు. చాలాసేపు కదలడు. వెనకాల ఇరవై మంది హమాలీలు నిలబడి ఉంటారు. సేఠ్ కూడా నోరెత్తడు. తర్వాత లేచి, "పొండి" అనో "ఇంకో దినం" అనో అంటాడు. ఆ ఒక్క మాట కోసం లారీ ఆగేది, సేఠ్ ఆగేవాడు. చదువు లేని మనిషికి ఈ ఊళ్లో అంత మర్యాద ఇంకెక్కడా దొరకదు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాలిద్దరికీ జ్వరం వచ్చింది. ఇద్దరికీ వాసన పోయింది. అఖ్తర్ బేగంకు పదిహేను రోజుల్లో తిరిగొచ్చింది. ఆయనకు రాలేదు.

ఆ సంగతి నాకు ఎలా తెలిసిందంటే, ఆ ఏడాది దీపావళి ముందు నా షాపులో గోడకు రంగు వేయిస్తుంటే థిన్నర్ డబ్బా ఒలికిపోయింది. కళ్లల్లోంచి నీళ్లు కారుతూ నేను రోడ్డు మీదికి పరిగెత్తాను. కుతుబుద్దీన్ మాత్రం లోపల బెంచీ మీద కూర్చుని తాపీగా చాయ్ తాగుతున్నాడు. నేను లోపలికి చూశాను, ఆయన నన్ను చూశాడు. ఇద్దరికీ అర్థమైపోయింది.

బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "శివరాజ్, ఎవ్వలకు చెప్పకు."

"చాచా, గిది దాచే ముచ్చటనా? సేఠ్‌కు చెప్పు. మీటరు తెప్పిస్తడు."

"మీటరొస్తే నేనెందుకు? నడుము పోయింది, బస్తా లేవది. అచ్చరం ముక్క రాదు. నాకున్నదంతా గీ ముక్కే బేటా."

"మరి సీజన్ల ఏం జేస్తవ్?"

"అల్లా ఉన్నడు," అన్నాడు. అల్లా కంటే ముందు అఖ్తర్ బేగం ఉందని నాకు తర్వాత తెలిసింది.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఖేడ్ అంతా అంటుంది. అది నిజమే. ఎవరి భూమి ఎవరు రాయించుకున్నారో సాయంత్రానికల్లా మార్కెట్ మొత్తానికి చేరవేసేవాణ్ణి. అలాంటిది, నా జన్మలో దాచిన ఒకే ఒక్క మాట ఇది. చెప్పాల్సిన మాట కూడా ఇదొక్కటే.

ఆ సీజన్ నుంచి అఖ్తర్ బేగం టిఫిన్ పట్టుకుని గోదాంకు రావడం మొదలుపెట్టింది. బక్క పలచటి మనిషి, చకచకా నడిచేది. విప్పే రోజున మాత్రమే వచ్చేది. షట్టర్ జానెడు ఎత్తి ఆయన వంగేవాడు. ఆయన వెనకాలే, ఏదో పడిపోతే తీసుకుంటున్నట్టు ఆమె వంగేది. వాసన ఉంటే చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. లేకపోతే పక్కకు జరిగి టిఫిన్ మూత తీసేది. ఆయన ఓరకంట చూసి, లేచి, మునుపటిలాగే "పొండి" అనేవాడు.

ఇరవై మందిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఊడ్చే పనికి వచ్చే కాశమ్మ, "ముసలాయన ఇప్పుడు బువ్వ మొఖం చూసినంకనే పని షురూ జేస్తుండు," అని నవ్వేది. సేఠ్ కూడా, "ఈ వయసుల ప్రేమ జాస్తయింది కుతుబ్," అని ఆటపట్టించేవాడు. అఖ్తర్ బేగం తల దించుకుని నవ్వేది. ఆ నవ్వు సిగ్గని వాళ్లనుకున్నారు.

నేను ఒకసారి ఆమెను అడిగాను. "చాచీ, నీకు భయమైతలేదా?"

"భయమెందుకు బేటా? ముప్పై ఏండ్లు ఆయన పీల్చిండు, ఏమైంది?" అంది. "గాని విప్పే ముందు దినం నిద్ర రాదు. ఇరవై మంది పోతరు లోపలికి. నేను తప్పు జూస్తే వాళ్ల పానం నా మీదనే గదా."

ఆ తర్వాత ఆమె వెల్లుల్లి తినడం పూర్తిగా మానేసింది. ముందురోజు ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా. ఆ ఇంట్లో వెల్లుల్లి లేకుండానే ఈద్‌కు బిర్యానీ వండింది. నాకూ ఒక గిన్నెడు పంపింది. చప్పగా ఉంది. బాగుందని అబద్ధం చెప్పాను.

రెండు సీజన్లు అలా గడిచాయి. మూడోది మొన్నటి జనవరి.

ఆ నెల చలి మామూలుగా లేదు. పొద్దున తొమ్మిదైనా రోడ్డు మీద చెత్త తగలబెట్టుకుని చుట్టూ కూర్చునేవారు. గోదాం మూసి అయిదో రోజుకే సేఠ్ షట్టర్ ఎత్తించాడు. ఆరో రోజున దాల్‌మిల్లుకు లారీ పోవాలి. కుతుబుద్దీన్ ఇంకో రెండు రోజులు ఆగుదామన్నాడు. నేను నా షాపు మెట్టు మీద నిలబడి విన్నాను.

"ఏనప్పా కుతుబ్, దినాలు లెక్కబెట్టుడు కొత్తోళ్ల పని. నీకు ముక్కుంది. రేపు పొద్దుగాల చూడు. వాసనుంటే లారీ వాపస్ పంపిస్త, లేకుంటే లోడ్ జేద్దాం," అన్నాడు సేఠ్.

ముక్కు మీద నమ్మకం లేదని చెబితే మూడేళ్ల సంగతి బయటపడుతుంది. "సరే సేఠ్," అన్నాడు చాచా. నేను అప్పుడైనా రోడ్డు దాటి వెళ్లి ఉండాల్సింది. నాలుగు అంగల్లో దాటే రోడ్డు అది. ఎవరో ఆదాయం సర్టిఫికెట్ జిరాక్స్ అడిగితే లోపలికి వెళ్లిపోయాను.

మర్నాడు పది గంటలకు లారీ వచ్చి నిలబడింది. హమాలీలు, కాశమ్మ, మిగతా ఆడవాళ్లు అందరూ షట్టర్ ముందున్నారు. కుతుబుద్దీన్ వంగాడు. అఖ్తర్ బేగం వంగింది. ఆమె చెంగు అడ్డం పెట్టుకోలేదు, టిఫిన్ కూడా తీయలేదు. లేచి నిలబడి ఏదో ఆలోచించింది. తర్వాత షట్టర్ కింద నుంచి దూరి లోపలికి వెళ్లింది. ఆయన పిలిచాడు, ఆమె ఆగలేదు.

ఎందుకు వెళ్లిందో దవాఖానలో ఆమే నాకు చెప్పింది. షట్టర్ దగ్గర ఏ వాసనా లేదట. అంత తక్కువ రోజులకు అసలేమీ లేకపోవడం ఆమెకు నమ్మబుద్ధి కాలేదట. అందుకే వెనక గుట్ట దాకా వెళ్లి, ఇంకా తీయని టార్పాలిన్ అంచు ఎత్తి, తల లోపలికి పెట్టి చూసింది. అప్పటికీ వాసన రాలేదు. తన ముక్కు మోసం చేస్తున్నదేమోనని ఇంకోసారి పెట్టింది. మరోసారి కూడా పెట్టింది. అయిదారు నిమిషాలు లోపలే ఉంది.

బయటికి వచ్చి, మెట్టు మీద కూర్చుని, టిఫిన్ మూత తీసింది.

"పొండి," అన్నాడు కుతుబుద్దీన్.

కాశమ్మ చీపురు పట్టుకుని లోపల అడుగు పెట్టింది. ఆమె వెనక ఇద్దరు. అప్పుడు టిఫిన్ కింద పడిన చప్పుడైంది. అఖ్తర్ బేగం ముందుకు వంగి కక్కుతోంది. చాచా ఒక్క క్షణం ఆమె వైపు చూసి, ఆమె దగ్గరికి కాకుండా షట్టర్ వైపు పరిగెత్తాడు. కాశమ్మ రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. మిగతా ఇద్దరినీ ఈడ్చి షట్టర్ దింపేశాడు. అది అయ్యాకే పెళ్లాం దగ్గరికి వచ్చాడు.

ఆటోలో మేమిద్దరం దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు చెయ్యాల్సిందంతా చేశాడు. దీనికి విరుగుడు మందంటూ లేదని దాపరికం లేకుండా చెప్పాడు. సంగారెడ్డికి పంపించారు. పెద్దశంకరంపేట దాటకముందే అంబులెన్స్‌లో ప్రాణం పోయింది. ఆమె చివరిగా అడిగింది కాశమ్మ లోపలికి పోయిందా అని. పోలేదని చాచా చెప్పాడు.

ఆమెను మట్టి చేసిన మర్నాడు సేఠ్, కుతుబుద్దీన్ నా షాపుకు వచ్చారు. పోలీసులకు ఇవ్వాల్సిన కాగితం టైపు చేయాలి. సేఠ్ చెడ్డవాడని నేననను. రెండు రోజులుగా తిండి తినలేదని మొహం చెబుతోంది. కానీ కాగితంలో ఏముండాలో మాత్రం ముందే తేల్చుకుని వచ్చాడు.

"రాయి శివరాజ్. నా భార్య నాకు అన్నం తెచ్చి, ఎవ్వలకు చెప్పకుండ పొరపాటున లోపలికి పోయింది అని."

నేను సగం టైపు చేశాను. కుతుబుద్దీన్ అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్నాడు.

"అన్నం తేలేదు సేఠ్. పనికొచ్చింది," అన్నాడు.

"గోదాంల ఆమెకేం పని?"

"నా పనే. నా ముక్కు సచ్చిపోయి మూడేండ్లాయె. గప్పటి సంది ఆమెనే చూసింది. ఆమె టిఫిన్ విప్పితే నేను పొండి అన్న. చెంగు అడ్డం బెట్టుకుంటే ఆగుండ్రి అన్న."

సేఠ్‌కు ముందు నమ్మకం కలగలేదు. తర్వాత నా వైపు తిరిగాడు. "నీకెరుకనా?"

"ఎరుకే," అన్నాను. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. మూడేళ్లుగా తన గోదాంలోకి మనుషులు ఎలా వెళ్తున్నారో ఆయనకు అప్పుడే తెలిసింది. మీటరు కొనకుండా నవ్విన నవ్వు కూడా గుర్తొచ్చే ఉంటుంది.

సేఠ్ మళ్లీ చాచా వైపు తిరిగాడు. "పిచ్చోడా, గీ మాట కాయితంల బెడితే కేసు నీ మీదికే వస్తది. పనోళ్లల్ల లేని మనిషిని లోపలికి పంపినవంటరు. తెలిసి దాచినవంటరు."

"రానీ."

"జైలుకు పోతవ్ కుతుబ్."

"పోత. గాని ఆమె పొరపాటున పోయిందని రాయకుండ్రి. ఆమె ఎన్నడూ ఒక్కటి పొరపాటు జెయ్యలే."

నేను టైపు చేసిందంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టాను. పేరు, వయసు, భర్త పేరు, ఊరు. వృత్తి అన్నచోట అలవాటు కొద్దీ "గృహిణి" అని కొట్టాను. ఆయనకు చదువు రాదు కదా, చదివి వినిపించమన్నాడు. ఆ మాట దగ్గర ఆపించాడు. అది తీసేసి, "గోదాంలో మందు వాసన చూచుట" అని పెట్టించాడు. ఇన్నేళ్లలో నేను అలాంటి వృత్తి ఎవరికీ రాయలేదు. కింద వేలిముద్ర వేసి, వేలికంటిన సిరా తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు.

ఎనిమిది రోజులకు విచారణకు ఒక అధికారిణి వచ్చింది. రజిత అని పేరు, చిన్న వయసు. గోదాం ఆఫీసు గదిలో కూర్చుని ఒక్కొక్కరినీ అడిగింది. కాగితం రాసినవాణ్ణి కాబట్టి నన్నూ ఉండమంది. కుతుబుద్దీన్ మొదటి నుంచీ అంతా చెప్పాడు. ఎక్కడా తన తప్పు తగ్గించుకోలేదు. చివరికి, "నా ముక్కు మంచిగుంటే ఆమె బతుకుతుండె," అన్నాడు.

ఆమె రాయడం ఆపింది. కొంచెం తటపటాయించి చెప్పింది. "అది నిజం కాదండీ. ఆ గ్యాస్‌కు సొంతంగా వాసన ఉండదు. మీకు వచ్చే వెల్లుల్లి వాసన దాంతో కలిసి ఉండే వేరే పదార్థాలది. వాటిని గింజలు పీల్చేసుకుంటాయి. వాసన పోతుంది, గ్యాస్ ఉంటుంది. అందులోనూ ఈ చలికి గోలీలు మెల్లగా కరుగుతాయి. ఆ రోజు టార్పాలిన్ కింద ఇంకా గ్యాస్ తయారవుతూనే ఉండాలి. వాసనను నమ్మి లోపలికి పంపకూడదనే మేము చెప్పేది."

"అంటే, నా ముక్కు మంచిగున్నా నేను గూడ పొండి అనేటోణ్ణేనా?"

"అనేవారే. మీరే కాదు, ఎవరైనా."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాటకు నా గుండె తేలికైంది. నేను నోరు తెరిచి చెప్పినా, చాచా ముక్కు బాగున్నా జరిగేది జరిగేదేనన్న మాట. నేను చెప్పి ఉంటే మీటరు వచ్చేదన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. ఆయనకూ అంతే తేలికై ఉంటుందనుకుని ఆయన వైపు చూశాను. మొహంలో అటువంటిదేమీ లేదు. అఖ్తర్ బేగం పోయిన రోజు కూడా నేను ఆయన్ను అంత కుంగిపోయి చూడలేదు.

"మరి ముప్పై ఏండ్లు?" అన్నాడు.

"రోజులు పూర్తిగా ఆగారు, గాలి ఆడనిచ్చారు. అందుకే ఏమీ కాలేదు. వాసన వల్ల కాదు," అందామె. మెత్తగానే చెప్పింది, కానీ ఉన్నమాటే చెప్పింది. ఆ తర్వాత రిపోర్టులో రాసుకోవడం మొదలుపెట్టింది.

కుతుబుద్దీన్ లేచి ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు. రాస్తున్న కాగితం మీద చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకున్నాడు.

"గట్ల రాయకుండ్రి మేడం. తప్పు నాదే అని రాయండి. ముక్కు మంచిగుంటే ఆమె బతుకుతుండె అని రాయండి. లేకుంటే మూడు సీజన్లు ఆమె అక్కడ దేనికి నిలబడ్డట్టు?"